రంగూన్ గడప

సన్యాసమ్మ గడపను నెత్తిన పెట్టుకుని ఓడ దిగుతుంది. రంగూన్‌లో ఇల్లు ఖాళీ చెయ్యమన్నప్పుడు తక్కినవాళ్ళు పెట్టెలు సర్దుకున్నారు. ఆమె మాత్రం పసుపు రాసిన ఆ టేకు చెక్కను ఊడబీకి తెచ్చుకుంది.

విశాఖ రేవు పక్క శరణార్థుల శిబిరంలో, తనకిచ్చిన డేరా ముందు ఇసుకలో దాన్ని పెడుతుంది. దాటి లోపలికి అడుగు పెడితే డేరా ఉండదు. రంగూన్ ఇల్లే ఉంటుంది. బయల్దేరిన రోజు నానబోసిన మినప్పప్పు ఇంకా నానుతూనే ఉంది. పెరటి కిటికీ అవతల అక్కడి వాన కురుస్తోంది.

మంచి చెక్కే అనుకుని సన్యాసమ్మ పప్పు రుబ్బడానికి కూర్చుంటుంది.

ఆమె కొంగు మిమి లుంగీ అంచుకు ముడివేసి ఉంది. మిమి అదే వీధిలో పెరిగిన బర్మా పిల్ల, ఇరవై ఏళ్ళది. మొగుణ్ణి పట్టుకుపోయిన సిపాయిలు తన కోసం కూడా వస్తే, కాయితం ముక్కయినా లేకుండా సన్యాసమ్మ వెంట ఓడెక్కేసింది. శుక్రవారం అదే ఓడలో ఆమెను వెనక్కి పంపుతారట. అక్కడ రేవులో ఎవరు కాచుకుని ఉంటారో ఇద్దరికీ తెలుసు.

ముడి ఎందుకంటే, చాలా ఏళ్ళ కిందట ఒక రేవులో సన్యాసమ్మ తన చెల్లెలి చెయ్యి వదిలేసింది. ఆ అరచేతి చెమట ఇప్పటికీ ఆరలేదు. రోజూ పొద్దున్నే తుడుచుకుంటుంది.

డేరాలవాళ్ళు ఒక్కొక్కరే చూడ్డానికి వస్తారు. ఆమె గడప దగ్గర చెంబుతో నీళ్ళు పెట్టి, కాళ్ళు కడుక్కుని రమ్మంటుంది. ఒకరు లోపలికొస్తే ఇంట్లో ఒక గది పెరుగుతుంది. నెలలు నిండిన మనిషి వస్తే రెండు.

శుక్రవారం శిబిరం గుమస్తా ధర్మారావు మిమిని పంపెయ్యమన్న ఉత్తర్వు తెచ్చి, గడప బయట నిలబడి చెయ్యి చాస్తాడు.

"గడపకి అటూ ఇటూ ఉండి ఇచ్చి పుచ్చుకోకూడదు బాబూ. నీకెవరూ చెప్పనేదేటి? లోపలికొచ్చి ఇయ్యి. కానీ కాళ్ళు కడుక్కోవాల, నాలుగు మెతుకులు తినాల. తిన్నింటి మనిషిని బయటికి ఈడ్చకూడదు. అదొకటుంది," అంటుంది సన్యాసమ్మ.

ధర్మారావు ఆలోచిస్తాడు. "లోపలికొస్తే ఇది ఇల్లని ఒప్పుకున్నట్టే. ఇల్లున్నవాళ్ళు శరణార్థులు కారు. పోనీ, మీరే బయటికి రండి."

"వస్తాం. ఆ కాయితం చింపీ."

"చింపే అధికారం నాకు లేదమ్మా. ఇచ్చే అధికారమే ఉంది."

"అయితే నిలబడు. ఎండగా ఉంది, గొడుగియ్యనా?"

"గడప మీంచా?" అంటాడు ధర్మారావు కంగారుగా.

మిమి ఫక్కున నవ్వుతుంది.

ఆయన నిజంగానే నిలబడతాడు. మధ్యాహ్నానికి చాచిన చెయ్యి మూరెడు పొడుగవుతుంది గానీ, పసుపు దగ్గరికొచ్చి ఆగిపోతుంది.

రేవులో ఓడ కూస్తుంది. మూడోసారి కూసినా మిమి రాకపోయేసరికి, ఓడే నీళ్ళలోంచి లేచి ఇసుక మీద పొట్టతో పాకుతూ వస్తుంది. డేరాల తాళ్ళు తెగకుండా జాగ్రత్తగా ఒదిగి ఒదిగి వచ్చి, తన నిచ్చెనను గడప దాకా దించుతుంది.

"నేను పోతానమ్మా," అంటుంది మిమి, ముడి విప్పబోతూ. "లేకపోతే ఇది ఇల్లు తొక్కేస్తుంది."

"ఉండవే. ముందు దాన్ని పలకరించనీ."

సన్యాసమ్మ ముడిని ఇంకోసారి బిగిస్తుంది. అయినా ఆ తుప్పు చూస్తే, పాపం ఇది ఎన్నాళ్ళై ఒక ఇల్లు చేరలేదో అనిపిస్తుంది. చెంబు నింపి గడప అవతల పెడుతుంది.

"ఎంతమందిని దింపేవో గానీ, నిన్నెవరైనా లోపలికి పిలిసేరేటి? కాళ్ళు కడుక్కుని రా నాయనా. గారెలేస్తన్నాం."

ధర్మారావు ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకుని వంగి చూస్తాడు. ఇంట్లో గోడలు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి జరుగుతున్న చప్పుడవుతోంది.

అప్పుడు ఓడ నాచు పట్టిన పొట్ట కింది నుంచి, ఎన్నడూ నేల తాకని పసిపాదం ఒకటి, ఎర్రగా, మెత్తగా, చెంబు వైపు మెల్లగా సాగుతుంది.