తడిసిన కాలర్లు

ఇరవయ్యో రోజుకే బాలింత మళ్ళీ బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ ముందు కూర్చుంది. ఇచ్చిన సెలవు అంతే. చొక్కాలకి కాలర్లు వేయడం ఆమె పని, గంటకి అరవై చొక్కాలు. ఎదురుగోడ మీద 'మనమంతా ఒకే కుటుంబం' అని బోర్డు. ఆ కుటుంబానికి పెద్ద సూపర్‌వైజరు. మంచినీళ్ళకి లేవాలన్నా ఆయన్నే అడగాలి.

ఇంటి దగ్గర పాప అమ్మమ్మ ఒళ్ళో ఉంటుంది. ఆకలేస్తే నోరు తెరుస్తుంది, ముఖం కందగడ్డలా అవుతుంది, చప్పుడు మాత్రం రాదు. ఆ ఏడుపు నాలుగు వీధుల అవతల తల్లి మిషన్‌లోంచి వస్తుంది. పదింటికోసారి, పన్నెండింటికోసారి, సూది కిందనుంచి సన్నగా, వెక్కిళ్ళతో సహా. మొదటిరోజు మెకానిక్ వచ్చి నూనె వేసి చూశాడు. మిషన్‌లో ఏమీ లేదనీ, పాపకి ఆకలనీ చెప్పి వెళ్ళిపోయాడు.

సీసా పాలు పాప ముట్టదు. చెంచాతో పోస్తే కక్కేస్తుంది. తూకం చూసిన నర్సు, పుట్టినప్పటికన్నా పావుకిలో తగ్గిందనీ, ఇంకా తగ్గితే దక్కదనీ మొహమాటం లేకుండా చెప్పింది.

పదింటికి అరగంట వదలమని ఆమె సూపర్‌వైజర్ని అడిగింది.

"నేనేమన్నా రాక్షసుణ్ణా అమ్మా? నిన్ను వదిలితే నలభైమంది తల్లులు లేస్తారు."

పక్కన కాజాలు కుట్టే అక్క తలెత్తకుండానే, "కుటుంబమన్నాడుగా, మేనమామ వరస కలిపి చూడవే," అంది.

మర్నాడు పదింటికి మిషన్ ఏడవలేదు. తల్లి చేతులు ఆగిపోయాయి. పది నిమిషాలు గడిచాయి. అప్పుడు నలభై మిషన్లూ ఒక్కసారి మూలిగాయి, వినీ వినపడనంత నీరసంగా.

నలభైమంది రవికలూ తడిశాయి. మనవలున్న కాజాల అక్కదీ, చొక్కాలు మడతపెట్టే పెళ్ళికాని పిల్లదీ. తెల్లటి కాలర్ల మీద పాలచుక్కలు పడుతూనే ఉన్నాయి.

సరుకంతా నాశనమైందని కేకలేస్తూ వచ్చిన సూపర్‌వైజరు మధ్యలో ఆగాడు. ఇస్త్రీ చొక్కా మీద, జేబులో పెన్ను కింద ఒకటి, ఇటువైపు ఒకటి, రెండు గుండ్రటి తడి మరకలు. చూసుకున్నాడు. ఫైలు గుండెకి అడ్డం పెట్టుకున్నాడు.

"వెళ్ళమ్మా," అన్నాడు. "పరిగెత్తు."

గేటు ఆయనే తీశాడు.

కాసేపటికి మిషన్లు ఒక్కొక్కటే సద్దుమణిగాయి. చివరికి, కరెంటు కట్టేసి ఉన్న ఆమె మిషన్‌లోంచి గుటకలు వినిపించాయి. కాజాల అక్క వాటిని లెక్కపెడుతూ కూర్చుంది.

ఆ రోజు నుంచి పదీ, పన్నెండూ, రెండింటికి సూపర్‌వైజరు గడియారం చూడకుండానే వెళ్ళి గేటు తీస్తాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయన మాత్రం కాజాల అక్క దగ్గరికొచ్చి, తన చొక్కాలన్నిటికీ గుండె దగ్గర లోపల రెండు పొరల గుడ్డ వేయించుకున్నాడు.