బెల్టుకు నేర్పిన చేతులు

సూది పెద్దమ్మ వేలిలో దిగి అవతలికి వచ్చింది. ఆమె కేకకు పక్కవాళ్లం లేచి పరుగెత్తాం. లైను మొదట్లో కూర్చున్న మా అక్కకు ఆ రొదలో కేక వినబడలేదు. ఆమె చెయ్యి ఆగలేదు. సంచులు మోసుకొచ్చే బెల్టూ ఆగలేదు. కుట్టాల్సిన సంచులు వచ్చి పెద్దమ్మ ఒళ్లో పడుతూనే ఉన్నాయి.

"ఆపండి సార్!" అని అరిచాం.

సూపర్‌వైజర్ రెండు చేతులూ పైకెత్తాడు. "నా చేతిలో ఏముందమ్మా? మీటా, స్విచ్చా? మీ మణికట్టు పట్టీలు చెబుతాయి, బెల్టు వింటుంది. మీలో అందరికంటే చురుకైన చెయ్యి వేగాన్నే అది నేర్చుకుంటుంది. అంతా కంప్యూటర్!"

పెద్దమ్మ వేలికి గుడ్డ చుట్టి మళ్లీ కూర్చోమన్నారు.

అన్నాల వేళ కుళాయిల దగ్గర అందరూ అక్కను చుట్టుముట్టారు.

"మహాతల్లీ, నీ చేతులకో దండం! మా వేళ్లన్నీ పోయాక గానీ తృప్తి ఉండదా నీకు?" అంది జిప్పులు కుట్టే వదిన.

అక్క మొహం పాలిపోయింది. "చేతనైన పని చేశాను వదినా. అదీ తప్పేనా?"

"తప్పు దాని చేతిది కాదే," అంది పెద్దమ్మ. "ఆ చేతిని మన వీపు మీద కొరడా చేసినవాడిది. ఇకనుంచి నా కుంటి వేలు ఎంత కుడితే అందరూ అంతే కుట్టండి. బెల్టు ఎవరి దగ్గర నేర్చుకుంటుందో చూద్దాం!"

"సంచులు తగ్గితే ఊరుకుంటారా?"

"ఇప్పుడు మాత్రం? హడావిడిగా కుట్టినవన్నీ పిగిలిపోయి షెడ్డు వెనక మంటల్లో పడుతున్నాయి. ఆ పొగ పీల్చేది మన పిల్లలే. తక్కువ కుడదాం, గట్టిగా కుడదాం."

మధ్యాహ్నం బెల్టు మెల్లగా మందగించింది. సూపర్‌వైజర్ నేరుగా అక్క దగ్గరికే వచ్చాడు.

"ఏం, చెయ్యి పడిపోయిందా?"

"లేదు సార్. ఇప్పుడే నాదైంది."

గార్డులు ఆమెను రెక్క పట్టి గేటు బయటికి ఈడ్చేశారు. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె జీతంతోనే.

దారాలు కత్తిరించే బల్ల దగ్గర నిలబడ్డ నా మీద సూపర్‌వైజర్ చూపు పడింది. "నువ్వు దాని చెల్లెలివేగా? దాని దగ్గరే పని నేర్చుకున్నావు. పో, ఆ కుర్చీలో కూర్చో. అదే వేగంతో కుడితే మీ అక్క సంగతి రేపు ఆలోచిస్తాం."

కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. పట్టీ నా మణికట్టుకు బిగించారు. అక్క వేగం నా చేతికి తెలుసు. వెనక అందరూ నన్నే చూస్తున్నారు. నలుగురిలో నోరు పెగలనిదాన్ని. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

వెనక వదిన మిషన్ ఆగింది. దాని వెనకది ఆగింది. పెద్దమ్మదీ ఆగింది. బెల్టు కాసేపు ఈడ్చుకుంటూ పోయి నిలబడిపోయింది.

"కుట్టండి! బెల్టు నడపండి!"

"మా చేతిలో ఏముంది సార్?" అంది పెద్దమ్మ. "మీటా, స్విచ్చా?"

షెడ్డంతా ఘొల్లున నవ్వింది. అతను ఫోన్ తీసి పోలీసులను పిలిచాడు.

వదిన లేచి నిలబడింది. "పిలవండి! ఆ పిల్ల తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చోవాలి. మనిషి ఆపమంటే బెల్టు ఆగాలి. అప్పటిదాకా సూది కదలదు!"

"కదలదు!" అంది షెడ్డు.

రొద లేని ఆ షెడ్డులో గేటు అవతల నుంచి అక్క గొంతు మొదటిసారి వినిపించింది. ఆమె కూడా అదే మాట అరుస్తోంది. అంతలో వ్యాను వచ్చి ఆగిన చప్పుడైంది. బూట్లు దగ్గరికొచ్చాయి.

ఒళ్లోంచి ఒక్క చెయ్యీ లేవలేదు.