నాన్న ఉప్పు

గరిటె సార్ చెంచాడు సూప్ నోట్లో పోసుకున్నాడు. మింగలేదు. తిన్నగా సింకు దగ్గరికి వెళ్లి ఉమ్మేశాడు.

"ఏమ్మా, ఉప్పు గని ఏమైనా తవ్వుకొచ్చావా?"

క్లాసంతా ఘొల్లుమంది. ఆ సూప్ వండిన అమ్మాయి మాత్రం నవ్వలేదు. గిన్నె దింపేముందు తనే రుచి చూసింది. ఉప్పు సరిపోయింది. ఇంకాస్త పడుతుందేమో అని కూడా అనిపించింది.

ఆ వంట కాలేజీలో చేరిన కొత్తలో అందరికన్నా పదునైన నాలుక ఆమెదే. మాస్టర్ కూతురు, ఆ మాత్రం ఉండదా అనేవారు. ఆమె తండ్రి బతుకంతా హోటల్ వంటగదిలో గడిపిన మాస్టర్. ఇప్పుడేమో ఆమె ఏం వండినా ఇదే తంతు.

మిగతావాళ్లు వెళ్లిపోయాక సార్ ఆమెను ఆపాడు. గరిటెతో బల్ల మీద టకటకా కొట్టాడు. ఆయనకా పేరు వచ్చింది ఆ అలవాటు వల్లే.

"నెలాఖరుకు ఫైనల్ పరీక్ష. ఊళ్లో పెద్ద రెస్టారెంట్ ఓనరమ్మ స్వయంగా వచ్చి రుచి చూస్తుంది. నచ్చినవాళ్లకు అక్కడికక్కడే ఉద్యోగం. ఇలా వండావంటే నిన్ను గుమ్మం కూడా తొక్కనివ్వదు. అసలు ఇంట్లో ఏం తింటున్నావ్?"

"నాన్న తినేదే సార్."

ఆ మాట నోట్లో ఉండగానే ఆమెకు విషయం అర్థమైపోయింది.

గొంతు ఆపరేషన్ తర్వాత తండ్రి నాలుక మొద్దుబారింది. రుచి ఇక తిరిగి రాదని డాక్టర్ ఆమెనూ మేనత్తనూ పక్కకు పిలిచి చెప్పాడు. ఆ మాట ఆయన చెవిన వేసే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. గొంతు మానగానే మళ్లీ పొయ్యి ముందు నిలబడతానని రోజూ అంటున్న మనిషి ఆయన. ఉప్పు గట్టిగా పడితే మాత్రం నాలుకకు ఏదో తగిలేది. "ఉప్పు లేదేంటే?" అన్నప్పుడల్లా ఆమె ఇంకో చిటికె వేసేది. అలా పెరుగుతూ పోయింది. మేనత్త తన వంతు ముందే తీసి దాచుకునేది. ఆమె మాత్రం తండ్రి పక్కన కూర్చుని అదే తినేది. వండినవాళ్లు తాము వడ్డించిన గిన్నెలోంచే తినాలన్నది ఆయన వంటగదిలో చట్టం మరి.

అంతా విన్నాక సార్ గరిటె కింద పెట్టేశాడు.

"పరీక్ష దాకా ఆ తిండి ముట్టకు తల్లీ. నాలుక దారికొస్తుంది."

ఆ పూట నుంచి ఇంట్లో రెండు గిన్నెలు.

"అదేంటమ్మడూ, వేరే వండుకున్నావ్?" అన్నాడు తండ్రి.

"దాని కడుపు బాలేదులేరా. చప్పిడి తినమన్నారు." మేనత్త అడ్డుపడింది.

"చూశావా అక్కా, కాలేజీలో చేరి కడుపు పాడుచేసుకోవడం నేర్చుకుంది!"

నవ్వాడు గానీ, ఆమె లేచేదాకా ఆయన కళ్లు ఆ కంచం మీదే ఉన్నాయి.

పరీక్షలో ఆమెకు టమాటా సూప్ వచ్చింది. చిటికెడు ఉప్పు వేసింది. రుచి చూసింది. వేళ్లు వాటంతటవే మళ్లీ ఉప్పు డబ్బాలోకి దూరాయి. బలవంతాన వెనక్కి లాక్కుంది.

ఓనరమ్మ గిన్నె అడుగంటా ఖాళీ చేసి మూతి తుడుచుకుంది. "సోమవారం వచ్చెయ్."

పొయ్యి మీద మిగిలిన సూప్ సార్ ఓ డబ్బాలో పోసి ఆమె చేతిలో పెట్టాడు. "మాస్టర్‌గారికివ్వు."

ఇంటికి చేరగానే ముందు వంటింట్లోకి వెళ్లి ఉప్పు కలిపేయాలనుకుంది. తండ్రి గుమ్మంలోనే కాపు కాశాడు. ఉద్యోగం వచ్చిందని వినగానే డబ్బా లాక్కుని, చెంచా పట్టుకుని కూర్చున్నాడు. ఒక చెంచా తాగాడు. ఇంకొకటి.

"ఇందులో ఏముందే? వేణ్నీళ్లు! దీనికి ఉద్యోగమిచ్చిన మహాతల్లి ఎవరు?"

"అలా అంటావేంట్రా, ఇటు తే." మేనత్త చెంచా అందుకుంది. "అబ్బ! ఎన్నాళ్లకు తిన్నానే ఇలాంటి..."

అక్కడే ఆగిపోయింది. చెంచా కింద పెట్టేసింది.

తండ్రి అక్క ముఖం చూశాడు. కూతురి ముఖం చూశాడు. పొయ్యి పక్కనున్న రెండు గిన్నెలూ చూశాడు.

"అయితే లోపం ఉప్పులో లేదన్నమాట."

మేనత్త కొంగుతో బల్ల తుడవడం మొదలుపెట్టింది.

"రుచి తిరిగొస్తుందన్నాడా డాక్టర్?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నువ్వూ అదే తిన్నావా అమ్మడూ, ఇన్నాళ్లూ? నా పక్కన కూర్చుని?"

"గిన్నె చట్టం నీదే కదా నాన్నా." నవ్వబోయింది.

ఆయన ఉప్పు డబ్బా మూతపెట్టి బల్ల అవతలికి నెట్టేశాడు. చెంచా ఆమెకిచ్చాడు.

"తాగు. తాగి ఎలా ఉందో చెప్పు."

ఆమె తాగింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"ముందు పులుపు తగులుతుంది నాన్నా. వెనకే కొంచెం తీపి, ఉల్లిపాయ బాగా వేగింది కదా."

"ఊఁ. మిరియాలు?"

"చివర్లో. గొంతు దగ్గర."

"గొంతు దగ్గర." ఆయన చెయ్యి మెడ మీది కుట్ల మచ్చను తడిమింది. "ఉప్పు?"

"సరిపోయింది."

ఆయన తలూపి సూప్ డబ్బా తన వైపు తిప్పుకున్నాడు. చల్లారిన సూప్ చివరిదాకా తాగాడు. ఉప్పు అడగలేదు.