టేకు చేప ముల్లు

జితేందర్‌ది మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ ఊరు. గండిపేట చుట్టూ కొత్తగా లేచిన ఇళ్ళ నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులను ఎక్కించుకుని గచ్చిబౌలిలో దింపడం, సాయంత్రం మళ్ళీ తెచ్చి ఇళ్ళ దగ్గర వదలడం అతని పని. నెలకో కొత్త కంపెనీ తెరుచుకుంటున్న రోజులవి. క్వాలిస్ బండి నడిపేవాడికి ఊపిరి తీసుకునే తీరిక లేదు. ఆ ఎండాకాలం అతని బండిలో తిరిగే టీమ్ వాళ్ళు బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్‌కు పోదామన్నారు. అతను సముద్రం చూడటం అదే మొదలు.

మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాడు. అల వెనక్కి పోతుంటే కాళ్ళ కింద ఇసుక జారుతోంది. గిలిగింతలు పెట్టినట్టై నవ్వాడు. ఇంకో అడుగు వేశాడో లేదో, కుడికాలి కింద ఏదో మెత్తగా కదిలింది. చీలమండ పక్కన కత్తి దించినట్టయింది. ఒడ్డుకు ఎట్లా వచ్చిపడ్డాడో అతనికే తెలియదు.

"టేకు చేపను తొక్కావు బాబూ," అన్నాడు ఒడ్డున వల సర్దుకుంటున్న మనిషి. "చాటంత ఉంటది. ఇసుక కప్పుకుని పడుకుంటది. మీద కాలేస్తే తోకతో కొడతది. ఆ తోకకే ముల్లు."

బాపట్లలో డాక్టరు అతని కాలిని ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో పెట్టించాడు. తొడదాకా పాకిన మంట గంటలోపే దిగిపోయింది. గాయం కడిగి, కుట్లు వేసి, ధనుర్వాతం రాకుండా సూది పొడిచి, తగ్గిపోతుంది పొమ్మన్నాడు. తిరుగు ప్రయాణంలో టీమ్‌లో ఒకాయన బండి నడిపాడు.

నిజంగానే తగ్గింది. కుట్లు విప్పారు. తర్వాత వారానికి ఆ చోట ఎర్రబడి, వాచి, పగిలి చీము కారింది.

మొయినాబాద్‌లో ప్రైవేటు డాక్టరు దగ్గరికి పోయాడు.

"ఏం కుట్టింది?"

"చేప సార్."

"చేపనా? తేలు కావచ్చు, సరిగ సూడలేదేమో."

"పట్టపగలు సార్, సముద్రంల."

డాక్టరు అతన్ని ఎగాదిగా చూశాడు. షుగర్ ఉందేమో పరీక్ష చేయించాడు. లేదు. గోలీలు రాశాడు. అవి మింగినన్ని రోజులు వాపు తీసేది. ఆపగానే మళ్ళీ లేచేది. చేవెళ్ళలో ఇంకో దవాఖానకు పోతే అక్కడి డాక్టరు ఎక్స్‌రే తీయించి, బొమ్మను వెలుతురుకు పట్టి చూశాడు.

"బొక్కలు మంచిగున్నయి. ఏం లేదు."

"ఏం లేకుంటే చీమెందుకు కారుతున్నది సార్?"

"గోలీలు మార్చి రాస్తున్న. ఫికర్ చెయ్యకు."

ఇంటికొస్తే పరామర్శలు. వచ్చినవాళ్ళందరికీ కథ మొదటినుంచీ కావాలి. పెదనాన్న అంజిలయ్య అంతా విని, "గండిపేట చెరువుల గసుంటి చేపలున్నయారా?" అని అడిగాడు. తల్లి ఎంకమ్మ ఇంట్లో చేపల కూర వండటమే మానేసింది. జితేందర్ మంచం మీద కాలు చాపుకుని, తన బదులు డ్రైవరుగా కుదిరిన కొమురయ్య బండిని తీసుకుపోతుంటే వినేవాడు. కొమురయ్య క్లచ్ సరిగా తొక్కకుండానే గేరు మార్చేవాడు. ఆ గరగర విన్నప్పుడల్లా తన పళ్ళు పీకుతున్నట్టుండేది.

ఒకరోజు పొద్దున ఇక తట్టుకోలేక, కట్టు బిగించుకుని, తాళాలు తనే తీసుకున్నాడు. గండిపేటలో వనితా మేడంను ఎక్కించుకుని బయలుదేరాడు. సముద్రానికి వచ్చిన టీమ్‌లో ఆమె కూడా ఉంది. మలుపులో ముందున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. బ్రేక్ మీద బలంగా తొక్కబోతే చీలమండలో మెరుపు మెరిసినట్టై కాలు పట్టు తప్పింది. బంపరు పోయి ఆటోకు తగిలింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆటోవాడి తిట్లన్నీ తలవంచుకుని పడ్డాడు.

"అన్నా, నువ్వు తగ్గేదాకా రాకు, ప్లీజ్," అంది వనిత. తిట్టినా ఇంత బాధ అనిపించేది కాదు.

ఆ సాయంత్రం భార్య ఉమారాణి కట్టు విప్పి పుండు కడుగుతూ, ఒకచోట వేలు ఆపింది.

"లోపల ఏందో గట్టిగ తాకుతున్నది. ముల్లు విరిగి ఉండిపోయిందేమో."

"ఎక్స్‌రే తీసినోళ్ళే ఏం లేదంటుంటే నువ్వు పెద్ద డాక్టరువా?" అని అరిచాడు.

"వాళ్ళు బొమ్మ సూసిన్రు. నేను ముట్టి సూసిన." ఆమె గొంతు కూడా లేచింది. "నెలన్నర సంది నీ కాలు కడుగుతున్న. నా మీద ఎందుకు ఒర్రుతవ్?"

అతను తనే వేలు పెట్టి నొక్కి చూసుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అక్కడ ఏదో ఉంది.

మర్నాడు ఇద్దరూ చేవెళ్ళ పోయారు. ఉమారాణి చెప్పింది డాక్టరు సగమే విన్నాడు.

"అది కుట్లు మానినచోట కట్టిన ముడి అమ్మా, గట్టిగనే ఉంటది. అన్నీ మీకే తెలిస్తే నా దగ్గరికెందుకు వచ్చిన్రు?"

బయటికొచ్చాక జితేందర్ దవాఖాన గోడను గుద్దాడు. చెయ్యి కూడా నొచ్చింది.

చివరికి పట్నంలో పెద్ద దవాఖానకు పోయారు. సర్జన్ ఒకావిడ, నడివయసు మనిషి. ఉమారాణి చూపించిన చోటే నొక్కి చూసి, అసలేం జరిగిందో మొదటినుంచి చెప్పమంది. చెప్పాడు. ఆమె నవ్వలేదు.

"ముల్లు మొత్తం బయటికి వచ్చిందని చూసింది ఎవరు?"

ఎవరూ చూడలేదు.

"ఈ ముక్కలు ఎక్స్‌రేలో ఒక్కోసారి కనబడవు. స్కాన్ చేద్దాం."

స్కాన్‌లో కనబడింది. ఆపరేషన్ చేసి తీశారు. గోరంత ముక్క. రెండంచులా రంపపు పళ్ళు. ఈసారి కుట్లు వేయలేదు. గాయాన్ని తెరిచే ఉంచి, రోజూ గుడ్డ కుక్కి కట్టు కట్టారు. లోపలినుంచి మానుతూ రావాలన్నారు. నెమ్మదిగా మానింది. నడిస్తే ఇంకా కొంచెం కుంటు. బండి ఎక్కడానికి ఇంకొన్నాళ్ళు ఆగమన్నారు.

సంతోషపడాల్సినవాడికి కోపం దిగలేదు. ఆ గోరంత ముక్కను సీసాలో వేసుకుని చేవెళ్ళ దవాఖానకు పోయాడు. ఏమేం అనాలో షేర్ ఆటోలో దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాడు. తీరా గదిలోకి పోతే కుర్చీలో వేరే మనిషి, చిన్నవాడు.

"పాత సార్ ఏడి?"

"వేరే ఊరికి పోయిండు. నీకేమైంది?"

ఏం చేయాలో తోచక సీసా బల్లమీద పెట్టాడు.

"ఏందిది?"

"చేప ముల్లు సార్."

డాక్టరు టార్చి తీశాడు. "నోరు తెరువు. గొంతుల ఏ పక్కకు గుచ్చుకుంది?"

జితేందర్‌కు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వెనకాల వరసలో ఎవరో జల్ది కానియ్యమని గొణుగుతున్నారు. అతను స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని, ప్యాంటు పైకి మడిచి కాలు చూపించాడు.

"గొంతుల కాదు సార్, కాలుల. మొన్న ఎండాకాలం మేము సముద్రం సూడ పోయినం..."