ఆరు వారాలు

నా అన్నం నేనే మిక్సీలో వేసుకోవడం మొదలుపెట్టి అప్పటికి మూడు నెలలు. ఇంట్లో మిగతా ముగ్గురికీ కొర్రమేను పులుసు వడ్డించి, గుప్పెడన్నం, కాస్త చారు కలిపి మెత్తగా తిప్పుకుని గ్లాసులో పోసుకునేదాన్ని. అది కూడా గుండెల దగ్గరెక్కడో ఆగి, నొప్పి పెట్టి, అప్పుడు దిగేది. "అల్సరే కదా ప్రసన్నా, కారాలు మానెయ్యి, అదే తగ్గుతుంది," అనేవారు మావారు సుందరరావు గారు, రెండోసారి పులుసు పోసుకుంటూ. విజయవాడలో గొంతులోంచి గొట్టం వేసి చూసిన డాక్టరు అల్సరన్నాడని నాకు చెప్పిందీ ఆయనే. ఆ ఫైలు ఆయన బీరువాలో ఉంది. ఏలూరు బళ్ళో పిల్లలకి సైన్సు పాఠాలు చెప్పే నేను, నా ఫైలు ఒక్కసారి చూపించమని అడగలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో కాగితాలు ఆయనవి, గిన్నెలు నావి. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

రెండువేల ఏడు, జులై నెల. బుధవారం సాయంత్రం చర్చిలో స్త్రీల మైత్రి కూడిక. అక్కడో అలవాటుంది. ప్రార్థన కావలసినవాళ్ళు తమ కష్టం చీటీ మీద రాసి పెట్టెలో వేస్తారు. పేర్లు రాయరు, పేర్లు దేవుడికి తెలుసుగా అంటారు. ఆ చీటీలు ఎప్పుడూ పాస్టరమ్మగారు పుష్పలత గారే చదువుతారు. ఆవేళ ఆవిడ కళ్ళజోడు మర్చిపోయి వచ్చారు. "నీ గొంతు అందరికీ వినపడుతుంది, నువ్వు చదువమ్మా ప్రసన్నా," అని పెట్టె నా ఒళ్ళో పెట్టేశారు.

ఉంగుటూరులో ఎవరి కొడుక్కో ఉద్యోగం, ఎవరి గేదెకో గాలికుంటు. చదువుతున్నాను. నాలుగో చీటీ విప్పాను. "ప్రభువా, నా కోడలికి అన్నం దిగే గొట్టంలో క్యాన్సరు గడ్డ ఉంది. దానికి తెలియనివ్వలేదు, తెలిస్తే బెంగపెట్టుకుంటుంది." నిజం చెబుతున్నాను, ఎవరి కోడలో పాపం అనుకున్నాను. గొంతు కాస్త తగ్గించి మరీ జాలిగా చదివాను. "అమెరికాలో ప్రోటాను కరెంటు పెడితే తగ్గుద్దంట. అది మనకి లేదు. నువ్వే ముట్టి..."

"అది చదవకే అమ్మాయ్!" వెనక వరసలోంచి మా అత్తయ్యగారు అచ్చాయమ్మ గారు మోకాళ్ళ నొప్పులు మర్చిపోయి లేచి నిలబడ్డారు. "అది నీదే!"

చీటీ చేతిలోనే ఉంది. అక్షరాలు కనిపిస్తున్నాయి కానీ ఏమీ అర్థం కావడం లేదు. అంతకంటే ఘోరం తలెత్తి చూసినప్పుడు తెలిసింది. ముప్పైమంది ఆడవాళ్ళున్నారక్కడ. ఒక్కరు కూడా ఆశ్చర్యపోలేదు. అందరూ చాప వైపు చూస్తున్నారు. నాతోపాటు రోజూ బడికొచ్చే అఖిల కూడా చాప వైపే చూస్తోంది. నాకు క్యాన్సరని నాకు తప్ప అందరికీ తెలుసు. పాస్టరమ్మగారు నా భుజం మీద చెయ్యి వేసి, "మీవాళ్ళు చెప్పొద్దన్నారమ్మా," అన్నారు. ఆ చెయ్యి తీసేసి లేచి ఇంటికొచ్చేశాను.

బీరువా తాళం ఎక్కడుంటుందో నాకు తెలియకపోవడమేమిటి, ఆ బట్టలు మడతపెట్టి సర్దేది నేనేగా! ఫైలు విప్పాను. పైన ఇంటర్నెట్ సెంటర్లో తీయించిన కాగితాలు ఇరవై దాకా ఉన్నాయి. ప్రోటాన్ కిరణాలు, అన్నవాహిక క్యాన్సరు. మామూలు రేడియేషన్ గడ్డని దాటి అవతలికి పోతుంది, దారిలో గుండెకీ ఊపిరితిత్తులకీ తగులుతుంది. ప్రోటాన్ అయితే గడ్డ దాకా వెళ్ళి దాదాపు అక్కడే ఆగిపోతుంది. ఆయన ఎర్ర పెన్నుతో గీతలు కూడా పెట్టుకున్నారు. నా రోగం గురించి ఆయన ఇంత చదివారా అని ఒక్క క్షణం మనసు కరిగింది కూడా. ఆ కాగితాల కింద డాక్టరు రాసిన చీటీ ఉంది. వెంటనే రేడియేషన్, దాంతోపాటు మందులు. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు. తేదీ చూశాను, రెండున్నర నెలల కిందటిది. దాని కింద ఇంగ్లీషులో ఒక్క లైను: పేషెంటుకి ఇష్టం లేదు. పక్కనే మావారి సంతకం.

ఆ లైను మళ్ళీ మళ్ళీ చదివాను. నాకెప్పుడు ఇష్టం లేకపోయింది? ఆ రోజు నేను ఆసుపత్రి వరండాలో కూచుని ఆయన కోసం క్యారేజీ విప్పుతున్నాను.

ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి ఫైలు టీపాయ్ మీద ఉంది. ఆయన బూట్లు కూడా విప్పలేదు.

"నీ మంచికేనే. మామూలు కరెంటు పెడితే గుండె పాడవుద్దంట. పెడితే ఆ ప్రోటానే పెట్టించాలి. అది మన దేశంలోనే లేదు. ఏం చెయ్యమంటావ్?"

"ఇక్కడ లేనిదాని గురించి ఇరవై కాగితాలు చదివారు. గంట రైలు ప్రయాణంలో ఉన్నది వద్దని సంతకం పెట్టారు. నన్నొక్క మాట అడగొచ్చు కదండీ?"

"ఆరు వారాలు ప్రసన్నా!" అన్నారాయన, నేనేదో లెక్క తప్పినట్టు. "రోజూ పొద్దున్నే నువ్వు విజయవాడ పోతే ఇల్లేం కావాలి? అమ్మ పొయ్యి దగ్గర నిలబడలేదు. మానసకి టెన్త్ క్లాసు. నాకా, వంట రాదు."

ఆ మాట అన్నాక ఆయనే ఆగిపోయారు. ఏమన్నారో ఆయనకీ వినపడినట్టుంది. గుమ్మం దగ్గర మా అమ్మాయి మానస నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. నాకు ఏడుపు రాలేదు. నాకు తోచినంతలో ఆయన చెడ్డవాడు కాదు. చెయ్యెత్తలేదు, తాగలేదు. ఆయనకి నేను పోతానన్న భయం ఉంది, రేపు పొద్దున వంటెవరు చేస్తారన్న భయమూ ఉంది. రెండోది కాస్త ఎక్కువ, అంతే.

మర్నాడు పొద్దున్న పొయ్యి వెలిగించలేదు. ఫైలు చంకలో పెట్టుకుని ఒక్కదాన్నే విజయవాడ రైలెక్కాను.

డాక్టరు ఫైలు తిరగేసి, "మీరే వద్దన్నారని మీవారు చెప్పారు కదమ్మా," అన్నాడు.

"నన్నెవరూ అడగలేదండి. ఇప్పుడడగండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నేనే మీతో మాట్లాడాల్సింది," అన్నాడు నెమ్మదిగా. ప్రోటాన్ గురించి అడిగితే, అది అయితే చుట్టుపక్కల దెబ్బ తక్కువేననీ, మన దేశంలో ఇంకా రాలేదనీ, మామూలు రేడియేషన్‌ని గుండెకి వీలైనంత తగలకుండా పెడతామనీ చెప్పాడు. "అప్పుడే వచ్చి ఉంటే ధైర్యంగా చెప్పేవాణ్ణమ్మా. గడ్డ పెరిగి ఉంటుంది. మళ్ళీ స్కాన్ తియ్యాలి. మాట మాత్రం ఇవ్వలేను."

"మాట వద్దండి. సోమవారం మొదలుపెట్టండి."

కౌంటర్లో నర్సు అంగీకారపత్రం నా ముందుకి జరిపి, నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసింది. "మీవాళ్ళెవరూ రాలేదాండీ? సంతకం పెట్టాలి." సంతకం చేసేవారికి రోగితో సంబంధం అని ఉన్నచోట భర్త, తండ్రి, కొడుకు అని వరసగా అచ్చేసి ఉంది. ముగ్గురినీ కొట్టేసి, పక్కన ఖాళీలో రాశాను: ఈ ఒళ్ళు నాది.