బురదలో ఇరుగుపొరుగు

సముద్రపు అడుగున ఎవరెక్కడ ఉంటారో పటం గీయడం ఆమె ఉద్యోగం. ఎవరంటే పురుగులు, గుల్లలు, పీతలు. ఇసుక నేలలో గుల్లలు గుంపులుగా ఉంటాయి. మెత్తటి బురదలో గొట్టాలు కట్టుకునే పురుగులుంటాయి. ఆ రెండు నేలలూ కలిసే అంచున సన్నచేతుల నక్షత్రజీవులు ఒకదాని మీద ఒకటి చేతులు వేసుకుని పడుంటాయి. ఆ అంచంటే ఆమెకు ప్రాణం. పెళ్ళి నిలవలేదు, స్నేహితులు ఊళ్ళు మారారు, ఆమె మాత్రం ఏటా పడవెక్కి అక్కడికి వెళ్తూనే ఉంది.

"పురుగులతో కాపురం చేస్తున్నావే" అని అక్క ఫోన్లో నవ్వేది.

ఈసారి పడవ నడిపే సరంగు ఆ అంచు దగ్గర ఆపగానే ఆమె ఇనుప తొట్టికి తాడు కట్టి కిందికి దింపింది. పైకి లాగి, మట్టిని జల్లెడలో పోసి కడిగింది. ఒక్క ప్రాణీ లేదు. నల్ల బురద, విరిగిన పెంకులు. చోటు తప్పామేమోనని మళ్ళీ దింపింది. మళ్ళీ అదే.

"పెద్ద ఓడల కోసం రేవు కాలువ లోతు చేశారు కదమ్మా, తోడిందంతా తెచ్చి ఇక్కడే పోశారు," అన్నాడు సరంగు మెల్లగా. "మీకు చెప్పలేదా?"

"నాకెవరు చెప్తారు?"

ఇంటికొచ్చి అక్కకి ఫోన్ చేసింది. అవతల చుట్టాల మాటలు, గిన్నెల చప్పుడు.

"అక్కా, నా అంచు పోయింది."

"ఏ అంచే? చీరంచా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఏం లేదులే" అని పెట్టేసింది. ఆ పూట పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు.

తర్వాత నెలనెలా వెళ్ళింది. వానలు తగ్గాక జల్లెడలో వెంట్రుకంత పురుగొకటి దొరికింది. ఆ వారమే అక్క చెప్పాపెట్టకుండా బస్సు దిగింది. "ఈమధ్య నీ గొంతు బాలేదే," అంది. ల్యాబుకి తీసుకెళ్ళి ఆ పురుగుని చూపిస్తే, అక్క మైక్రోస్కోపుకి కన్ను ఆనించి చాలాసేపు తియ్యలేదు.

"ఒక్కతే ఉందా పాపం?"

"ఒక్కతే. ఖాళీ నేల మీదికి ముందు ఇవే వస్తాయి."

"మరి తక్కినవో?"

"గుల్లలు రావచ్చు. నక్షత్రాలు మాత్రం నేను రిటైరయ్యేలోగా రావు."

అక్క చెల్లెలి వీపు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడింది. సాయంత్రం బస్సెక్కుతూ, "ఓ నాలుగు రోజులు మా ఇంట్లో ఉండిపోవే," అంది.

"వస్తాలే."

ఆ మాట ఇద్దరూ నమ్మలేదు. బస్సు మలుపు తిరిగేదాకా ఉండి, ఆమె ఇంటికి నడిచింది. మర్నాడు పొద్దున్నే పడవ ఉంది. రబ్బరు బూట్లు కడిగి, గుమ్మం పక్కన బోర్లించి పడుకుంది.