అందరికీ జవాబు

ఎవరు వంక పెట్టినా ఆ పూటే జవాబు చెప్పాలి, తప్పు మనదైతే కుట్టు విప్పాలి. దర్జీ అంగడి ముప్పై ఏళ్లు నిలబడింది ఆ నియమం మీదే.

కూతురికి నత్తి. తల్లి పోయాక ఇంట్లో తప్ప ఎక్కడా నోరు విప్పేది కాదు. అలాంటి పిల్ల ఈమధ్య ధైర్యం చేసి, చంకలో పట్టెయ్యకుండా జాకెట్టు చెయ్యి ఎలా కత్తిరించాలో చెబుతూ వీడియో పెట్టింది. ఆమె తడబడిన చోట ఎవడో ముక్క కోసి, మేక అరుపు అతికించి వదిలాడు.

"నా-నాలుగు రోజులు పోతే వాళ్లే మర్చిపోతారు. నువ్వు చూడకు నాన్నా," అంది పిల్ల.

దర్జీ చూశాడు. కింద మూడు వందల పైచిలుకు కామెంట్లు. కత్తెర పక్కన పెట్టి, చూపుడు వేలితో అక్షరాలు వెతుక్కుంటూ, ఒక్కరినీ వదలకుండా జవాబు రాశాడు. 'అది మా అమ్మాయండీ. పుట్టు నత్తి. పనిలో వంకుంటే అంగడికొచ్చి చెప్పండి.' కింద చిరునామా. రెండు రోజులు పట్టింది.

మూడో రోజుకి కామెంట్లు నాలుగు వేలు దాటాయి.

"ఎంత పని చేశావు బావా," అన్నాడు పక్కకొట్టు ఇస్త్రీ అతను. "నువ్వు జవాబిచ్చే కొద్దీ అది ఇంకో పదిమందికి కనబడుతుంది. మంట మీద కిరసనాయిలు పోశావు."

"తీసెయ్యమని చెప్పు."

"ఫిర్యాదు పెట్టాను. అందులో తప్పేం లేదని తిరిగొచ్చింది."

"అన్నదెవడు? వాడితో నేను మాట్లాడతా."

"మాట్లాడ్డానికి అక్కడ మనిషుంటేగా."

మధ్యాహ్నం ఇద్దరు చిరునామా వెతుక్కుంటూ రానే వచ్చారు. ఒకడు ఫోను ఎత్తి పట్టుకున్నాడు. రెండోవాడు పిల్ల ముందు చొక్కా పరిచి, "ఎక్కడ పట్టేసిందో నీ నోటితో చెప్పు చెల్లెమ్మా," అని మేకలా అరిచాడు. దర్జీ కత్తెరతో లేచాడు. వాళ్లు నవ్వుతూ పరిగెత్తారు. అదీ వీడియో అయింది.

సాయంత్రం ఎప్పుడూ ఇక్కడే కుట్టించుకునే ఒకావిడ, "నా జాకెట్టు ఎప్పుడిస్తావే తల్లీ?" అని అడిగింది. పిల్ల సుద్దముక్క తీసుకుని బల్ల మీద 'శుక్రవారం' అని రాసింది.

ఇంటికెళ్లాక దర్జీ పళ్లెం ముందు పెట్టి, "తినమ్మా," అన్నాడు. సుద్దముక్క ఇంకా ఆమె చేతిలోనే ఉంది. నేల మీద 'ఆకలి లేదు' అని రాసింది.

"నావల్లే కదూ?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. ఒక్క వంకా పెట్టలేదు. పెట్టి ఉంటే, ఆ పూటే జవాబు చెప్పుకునేవాడు.